ఈక్వలైజేషన్ చరిత్ర: టెలిఫోన్ తీగ నుంచి ఇంటి స్టూడియో దాకా

వ్యాససంగ్రహం

ఇంట్లోనే పాటను ధ్వనిముద్రించి కంప్యూటర్‌లో మిశ్రణం చేసుకోవడం నేడు సామాన్యమైన విషయం. ఆ పనిలో తప్పనిసరిగా చేతికి వచ్చే సాధనం ఈక్వలైజర్. ‘ముందు తగ్గించు, తరువాతే పెంచు’ అనేది దాన్ని నేర్చుకునేవారు వినే మొదటి సూత్రం. ఈ సూత్రం ఎక్కడ పుట్టింది? దాని ఆధారం విద్యుత్ వలయంలో ఉందా, గణితంలో ఉందా, చెవిలో ఉందా? టెలిఫోన్, గ్రామఫోను, బహుళ ట్రాకుల ధ్వనిముద్రణ, ఇంటి స్టూడియో అనే నాలుగు దశల్లో ఈక్వలైజేషన్ చరిత్రను పరిశీలించి ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం లక్ష్యం. తెలుగు పాటలో మాట స్పష్టంగా వినిపించడాన్ని ఈ పరిశీలనకు గీటురాయిగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: ఈక్వలైజేషన్, ధ్వనిముద్రణ చరిత్ర, మిశ్రణం, పౌనఃపున్యం, మరుగు, ఇంటి స్టూడియో, తెలుగు ఉచ్చారణ.

1. ఉపోద్ఘాతం

పాటలో సాహిత్యం అర్థం కాకపోతే శ్రోతకు ఆ పాట సగమే చేరినట్టు. ఇంట్లో తయారైన పాటల విషయంలో తరచుగా ఎదురయ్యే సమస్య ఇదే. గొంతును విడిగా వింటే ప్రతి అక్షరమూ తెలుస్తుంది. గిటారును విడిగా వింటే నిండుగా ఉంటుంది. కీబోర్డు, మృదంగం, తంబుర కూడా విడివిడిగా బాగానే ఉంటాయి. అన్నింటినీ కలిపి వింటే మాత్రం పాట మసకబారుతుంది. ఈ మసకను తొలగించడానికి వాడే ప్రధాన సాధనం ఈక్వలైజర్. ధ్వనిలోని వేర్వేరు పౌనఃపున్యాల తీవ్రతను విడివిడిగా పెంచడానికో తగ్గించడానికో అది ఉపకరిస్తుంది.

‘ఈక్వలైజేషన్’ అనే మాటకు ‘సమం చేయడం’ అని అర్థం. తెలుగులో ‘సమీకరణం’ అనవచ్చు గాని, ఆ పదం గణిత, రసాయనశాస్త్రాల్లో వేరే అర్థంలో స్థిరపడింది. ‘సమతుల్యీకరణం’ అర్థానికి దగ్గరగానే ఉన్నా వాడుకలో లేదు. స్టూడియోల్లో పనిచేసే తెలుగువారు ‘ఈక్యూ’ అనే అంటారు. కాబట్టి ఈ వ్యాసంలో ఆంగ్లపదాన్నే తెలుగు లిపిలో వాడుతున్నాం. అయితే ఆ పేరు ఒక ప్రశ్నను లేవనెత్తుతుంది. దేనిని దేనితో సమం చేయడం? నేటి వాడుకలో ఈ సాధనం దేనినీ సమం చేయడం లేదు. ఒక భాగాన్ని పెంచి, మరొక భాగాన్ని తగ్గించి, ఉన్న ధ్వనిని కావాలనే అసమం చేస్తుంది. పేరుకూ పనికీ మధ్య ఈ దూరం ఎలా ఏర్పడిందో గ్రహిస్తే, ఇంటి స్టూడియోలో ఆ సాధనాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో కూడా తెలుస్తుంది.

2. టెలిఫోన్ దశ: పోయినదాన్ని తిరిగి సమం చేయడం

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందిన తరువాత, తీగల పొడవు పెరిగేకొద్దీ ఒక లోపం బయటపడింది. తీగలో ప్రయాణించే ధ్వని సంకేతం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకే విధంగా క్షీణించదు. తక్కువ పౌనఃపున్యాలు కొంత నిలుస్తాయి, ఎక్కువ పౌనఃపున్యాలు త్వరగా పోతాయి. ఫలితంగా అవతలి వ్యక్తి గొంతు వినిపిస్తుంది, మాట మాత్రం తెలియదు. తీగ లక్షణాల మధ్య ఒక నిర్దిష్ట నిష్పత్తి ఉంటే ఈ వికృతి ఉండదని ఆలివర్ హెవిసైడ్ 1887లో సిద్ధాంతీకరించాడు. ఆ మార్గంలోనే మైఖేల్ పుపిన్ వంటివారు తీగల మధ్య నిర్ణీత దూరాల్లో చుట్టలను అమర్చే పద్ధతిని అభివృద్ధి చేశారు.

తీగను మార్చడం ఒక మార్గం. తీగ చివర దిద్దుబాటు చేయడం రెండో మార్గం. ఈ రెండో మార్గానికే ‘ఈక్వలైజర్’ అనే పేరు వచ్చింది. దాని పని తీరు ఈ చర్చకు కీలకం. తీగలో అప్పటికే పోయిన ఎక్కువ పౌనఃపున్యాలను ఆ వలయం సృష్టించలేదు. అందువల్ల అంతగా నష్టపోని తక్కువ పౌనఃపున్యాలను కూడా అదే మేరకు తగ్గించేది. అన్నీ సమానంగా తగ్గిన తరువాత, మొత్తం సంకేతాన్ని యాంప్లిఫయర్ ఒకేసారి పెంచేది. అంటే తొలి ఈక్వలైజర్ కేవలం తగ్గించే సాధనం. రెసిస్టర్లు, కెపాసిటర్లు, తీగచుట్టలతో మాత్రమే నిర్మితమైన వలయానికి శక్తిని కలిపే గుణం లేదు, తీసివేసే గుణమే ఉంది. అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ సంస్థలో పనిచేసిన ఆటో జోబెల్ ఇటువంటి వికృతి నివారణ వలయాలపై 1928లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మూలగ్రంథం వంటిది.

ఈ దశలో ‘సమం’ అనే మాటకు స్పష్టమైన అర్థం ఉంది. పంపిన ధ్వనికీ చేరిన ధ్వనికీ తేడా లేకుండా చేయడమే సమం చేయడం. ఎంత నష్టమో కొలిచి, అంతే దిద్దేవారు. ఇంజనీరు అభిరుచికి ఇందులో చోటు లేదు.

3. గ్రామఫోను దశ: నష్టాన్ని ముందే ఊహించడం

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ముద్రించిన నాటికి ధ్వనిముద్రణలో విద్యుత్తు ప్రమేయం లేదు. గాయని లోహపు కొమ్ము ఎదుట పాడితే, ఆ ధ్వని బలమే సూదిని కదిలించేది. గొంతు దగ్గరగా, బిగ్గరగా మోగే వాద్యం దూరంగా ఉండటమే అప్పటి మిశ్రణం. మీటలు లేవు గనుక, ఎవరు ఎక్కడ నిలబడాలన్న నిర్ణయమే సమతుల్యతను సాధించాల్సి వచ్చింది. ఈ క్రమశిక్షణ నేటి ఇంటి స్టూడియోకు కూడా వర్తిస్తుంది. ఆ విషయం తొమ్మిదో భాగంలో చూద్దాం.

1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ పద్ధతి ద్వారా విద్యుత్ ధ్వనిముద్రణ వ్యాపారస్థాయిలో మొదలైంది. మైక్రోఫోను, యాంప్లిఫయర్ వచ్చాక సుమారు 100 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా ధ్వనిని పట్టుకోవడం సాధ్యమైంది. అయితే గాడికి రెండు పరిమితులున్నాయి. తక్కువ పౌనఃపున్యాల వద్ద సూది ఎక్కువ వెడల్పుగా ఊగి పక్కగాడిలోకి చొరబడుతుంది. ఎక్కువ పౌనఃపున్యాల వద్ద సంగీతం రికార్డు ఉపరితలపు గరగరలో కలిసిపోతుంది. అందుకే ముద్రించేటప్పుడు కింది భాగాన్ని తగ్గించి, పై భాగాన్ని పెంచి, వినేటప్పుడు దానికి సరిగ్గా విరుద్ధంగా దిద్దే విధానం స్థిరపడింది.

ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రకమైన వక్రరేఖను వాడటంతో గందరగోళం ఏర్పడింది. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఒక ప్రమాణాన్ని నిర్ణయించింది. ‘ఆర్‌ఐఏఏ వక్రరేఖ’గా ప్రసిద్ధమైన ఈ ప్రమాణంలో 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ వద్ద సుమారు 19 డెసిబెల్స్ తగ్గింపు, 20,000 హెర్ట్జ్ వద్ద సుమారు 20 డెసిబెల్స్ పెంపు ఉంటాయి. పాత 78 ఆర్‌పీఎం రికార్డులను నేడు డిజిటల్ రూపంలోకి మార్చేవారు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. 1954 తరువాతి వక్రరేఖను అంతకుముందటి రికార్డుకు వర్తింపజేస్తే ఆ గాయకుని కంఠస్వరూపమే మారిపోతుంది. తెలుగు పాత రికార్డులకూ ఇదే నియమం.

4. చెవి ధర్మాలు: రెండు పరిశోధనలు

తీగ, గాడి లక్షణాలను కొలిచిన ఇంజనీర్లే చెవి లక్షణాలను కొలవడం మొదలుపెట్టారు. ఈ పరిశోధనల్లో రెండు మిశ్రణానికి నేరుగా సంబంధించినవి.

మొదటిది 1924లో వెగెల్, లేన్ ప్రచురించిన పరిశోధన. ఒక ధ్వని ఉన్నప్పుడు మరొక ధ్వని వినిపించకుండా పోవడాన్ని వారు కొలిచారు. ఈ ‘మరుగు’ రెండు దిశల్లో సమానంగా పనిచేయదు. బలమైన తక్కువ పౌనఃపున్యం తనకంటే పైనున్న ధ్వనులను సులభంగా మరుగుపరుస్తుంది. ఎక్కువ పౌనఃపున్యం తనకంటే కిందనున్న ధ్వనిని అంత సులభంగా మరుగుపరచలేదు. పాటలో అనవసరమైన మంద్రధ్వని పేరుకుంటే, దాని దుష్ఫలితం మంద్రానికే పరిమితం కాకపోవడానికి కారణం ఇదే. అది పైకి వ్యాపించి గొంతులోని స్పష్టతను మింగుతుంది.

రెండోది 1933లో హార్వే ఫ్లెచర్, మన్సన్ వెలువరించిన సమశ్రవణ వక్రరేఖలు. ధ్వని తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు చెవి మంద్రాన్ని తక్కువగా గ్రహిస్తుంది. స్థాయి పెరిగేకొద్దీ మంద్రం నిండుగా తోస్తుంది. ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలగకూడదని రాత్రిపూట తక్కువ ధ్వనిలో మిశ్రణం చేసే వ్యక్తి, మంద్రం చాలలేదని భావించి పెంచుతాడు. మరునాడు అదే పాట పెద్ద స్పీకర్లలో గుబగుబలాడుతుంది. పొరపాటు సాధనానిది కాదు, ఒకే స్థాయిలో విని తీర్పు చెప్పడానిది.

ఈ రెండింటికీ తోడుగా ఫ్లెచర్ 1929లో ప్రచురించిన ‘స్పీచ్ అండ్ హియరింగ్’ గ్రంథం మరొక విషయాన్ని స్థిరపరిచింది. మాటలోని శక్తిలో అధికభాగం కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. అర్థమయ్యే గుణంలో అధికభాగం మాత్రం 1,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అచ్చులు బలాన్నీ, హల్లులు భేదాన్నీ మోస్తాయని దీని సారాంశం.

5. దిద్దుబాటు నుంచి వన్నె వైపు

1951లో యూజీన్ షెంక్, ఆలీ సమ్మర్లిన్ ‘పల్స్ టెక్నిక్స్’ సంస్థ తరఫున ‘పుల్‌టెక్’ ఈక్వలైజర్‌ను తెచ్చారు. అది కూడా తగ్గించే వలయమే. అయితే వలయంలో కలిగే నష్టాన్ని పూడ్చడానికి లోపలే వాల్వు యాంప్లిఫయర్ ఉంది. అందువల్ల ఫలితం బయటికి ‘పెంపు’గానే కనిపించింది. 1952లో పీటర్ బాక్సండాల్ ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో బాస్, ట్రెబుల్‌లను విడివిడిగా పెంచీ తగ్గించీ చేయగల సరళమైన వలయాన్ని ప్రచురించాడు. దాని రూపాంతరాలు ప్రపంచమంతటా ఇళ్లలోని యాంప్లిఫయర్లకు చేరాయి. ఇంట్లో కూర్చుని పాట వినేవారి చేతికి తొలిసారి ఈక్వలైజేషన్ మీట అందిందంటే, అందులో ఈ వలయం పాత్ర పెద్దది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. టెలిఫోను ఇంజనీరు మీటను తిప్పే ముందు నష్టాన్ని కొలిచాడు. ఇంట్లో బాస్ మీటను తిప్పే శ్రోత ఏ నష్టాన్నీ కొలవలేదు. తనకు ఇంపుగా ఉందనే తిప్పాడు. అదే సాధనం దిద్దుబాటు నుంచి వన్నె వైపు జరిగింది. పేరుకూ పనికీ మధ్య దూరం మొదలైంది ఇక్కడే.

6. బహుళ ట్రాకుల దశ: చోటు పంచడం

1957లో యాంపెక్స్ సంస్థ తయారుచేసిన ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం గిటారు విద్వాంసుడు లెస్ పాల్ ఇంటికి చేరింది. అంతకుముందే ఆయన, మేరీ ఫోర్డ్ ఒక ధ్వనిపై మరొక ధ్వనిని పేర్చుతూ పాటలు తయారుచేశారు. ఇంటి స్టూడియో చరిత్రను ఆ ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ట్రాకులు విడిపోవడంతో సమస్య స్వభావం మారింది. వాద్యబృందం ఒకే గదిలో కలిసి వాయించినప్పుడు వాద్యకారులు ఒకరినొకరు వింటూ తమ బలాన్ని తామే సర్దుకుంటారు. విడివిడిగా, దగ్గర మైకులతో ముద్రించినప్పుడు ప్రతి వాద్యమూ తానే ప్రధానమన్నట్టు నిండుగా నమోదవుతుంది. అన్నీ కలిసినప్పుడు ఒకే పౌనఃపున్య ప్రాంతం కోసం పోటీపడతాయి. ఆ పోటీని పరిష్కరించడం ఈక్వలైజర్‌కు కొత్తగా వచ్చిన పని. ఇది దిద్దుబాటు కాదు, వన్నె కూడా కాదు. ఉన్న చోటును పంచడం.

బాస్, ట్రెబుల్ అనే రెండు మీటలు ఈ పనికి చాలవు. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో ‘పారామెట్రిక్ ఈక్వలైజేషన్’పై పత్రం సమర్పించాడు. ఏ పౌనఃపున్యం వద్ద, ఎంత పెంపు లేదా తగ్గింపు, ఎంత వెడల్పులో అనే మూడు అంశాలను ఒకదానితో ఒకటి ముడిపడకుండా నియంత్రించడం అందులోని విశేషం. ఆ దిశగా అప్పటికే ఇతరులూ కృషి చేస్తున్నారు. నేడు ప్రతి మిశ్రణ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే గుండ్రని చుక్కను పట్టి లాగితే మారేవి ఈ మూడు అంశాలే.

7. ఇంటికి వచ్చిన స్టూడియో

1979లో టియాక్ సంస్థ ‘పోర్టాస్టూడియో 144’ను విడుదల చేసింది. మామూలు క్యాసెట్టుపై నాలుగు ట్రాకులు ముద్రించి, అదే పెట్టెలో మిశ్రణం చేసే అవకాశాన్ని అది కల్పించింది. ఆ రకం యంత్రంపైనే బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 ఆరంభంలో న్యూజెర్సీలోని తన ఇంట్లో కొన్ని పాటలను నమూనాలుగా ముద్రించుకున్నాడు. తరువాత వాద్యబృందంతో స్టూడియోలో చేసిన ప్రయత్నాలు తృప్తినివ్వకపోవడంతో, ఆ క్యాసెట్టే అదే సంవత్సరం ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వెలువడింది. సాంకేతికంగా అది శుభ్రమైన ధ్వనిముద్రణ కాదు. గొంతు, గిటారు, హార్మోనికా వంటి కొద్దిపాటి ధ్వనులే ఉండటం వల్ల మాట మాత్రం ఎక్కడా మరుగున పడలేదు. శుభ్రత అంటే గరగర లేకపోవడం ఒక్కటే కాదనీ, చెప్పదలచినది శ్రోతకు చేరడమనీ ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

1990ల్లో ఈ సాధనం కంప్యూటర్‌లోకి వచ్చింది. 1996లో స్టైన్‌బెర్గ్ సంస్థ విడుదల చేసిన ‘క్యూబేస్ వీఎస్‌టీ’ ప్రత్యేక యంత్రాలు లేకుండా, కంప్యూటర్ ప్రాసెసర్‌తోనే ఈక్వలైజేషన్ చేసే సౌకర్యాన్ని ఇచ్చింది. డిజిటల్ ఈక్వలైజర్ల నిర్మాణానికి కావలసిన గణిత సూత్రాలను రాబర్ట్ బ్రిస్టో-జాన్సన్ సంకలనం చేసి అందరికీ ఉచితంగా అందించాడు. 2004లో యాపిల్ సంస్థ ‘గ్యారేజ్‌బ్యాండ్’ను తన కంప్యూటర్లతో కలిపి ఇచ్చింది. ఒకప్పుడు పెద్ద స్టూడియోలో లెక్కపెట్టుకుని వాడే ఈక్వలైజర్ ఇప్పుడు ప్రతి ట్రాకుపైనా ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతుంది. సాధనం కొరత తీరింది. దాన్ని ఎందుకు వాడుతున్నామనే ప్రశ్న మాత్రం వెనకబడింది.

8. ‘ముందు తగ్గించు’ సూత్రం: పునఃపరిశీలన

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. తగ్గించడం శుద్ధమనీ, పెంచడం ధ్వనిని చెడగొడుతుందనీ చాలామంది నమ్ముతారు. టెలిఫోన్ కాలపు వలయాల విషయంలో దీనికి చారిత్రక ఆధారం ఉంది. అవి తగ్గించడమే చేయగలవు, పెంపు కోసం వాడే యాంప్లిఫయర్ తన వంతు రొదను కలుపుతుంది. నేటి సాధారణ డిజిటల్ ఈక్వలైజర్‌లో ఆ కారణం లేదు. గంట ఆకారపు వక్రరేఖతో 6 డెసిబెల్స్ పెంచి, సరిగ్గా అదే వెడల్పుతో 6 డెసిబెల్స్ తగ్గిస్తే చాలా సాఫ్ట్‌వేర్లలో మొదటి ధ్వనే తిరిగి వస్తుంది. గణితదృష్టిలో ఆ రెండూ ఒకదానికొకటి విలోమాలు మాత్రమే.

అయినా ఆ సూత్రం చెల్లుతుంది. దాని ఆధారం చెవిలో ఉంది. ఏ భాగాన్ని పెంచినా మొత్తం ధ్వని కొంత బిగ్గరగా మారుతుంది, బిగ్గరగా ఉన్నది మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది. అందుచేత పెంచిన ప్రతిసారీ మనకు మనమే మెచ్చుకుంటాం. గొంతు పెంచి, గొంతుకు పోటీగా గిటారు పెంచి, చివరికి మొదటి స్థితికే చేరుకుంటాం. తగ్గించినప్పుడు ఈ భ్రమ ఎదురుతిరుగుతుంది. తగ్గించాక కూడా పాట మెరుగ్గా ఉందనిపిస్తే ఆ మెరుగు నిజమైనదే. పెంచినా తగ్గించినా మొత్తం స్థాయిని మునుపటితో సమం చేసి పోల్చి చూస్తే ఈ భ్రమ తొలగుతుంది. ఇక్కడ ‘సమం చేయడం’ అనే మాటకు మళ్లీ అర్థం వస్తుంది.

చరిత్రలో కనిపించిన మూడు పనులను ఇంటి స్టూడియోలో ఈ కింది వరుసలో చేయడం ప్రయోజనకరం.

8.1 దిద్దుబాటు

మైకును దగ్గరగా పెట్టి పాడితే మంద్రం అసహజంగా పెరుగుతుంది. ‘ప’, ‘బ’ పలికినప్పుడు గాలి తాకిడి, ఫ్యాను, వీధి వాహనాల ఘోష కూడా కింది భాగంలో చేరతాయి. ఇవి పాటలో భాగాలు కావు. వీటిని ఎక్కడి వరకు తొలగించాలో నిర్ణయించడానికి మన శ్రుతి పద్ధతే చక్కని కొలబద్ద. ఒకటో శ్రుతిలో పాడే పురుషుని ఆధారషడ్జం సుమారు 131 హెర్ట్జ్. మంద్రపంచమం దాకా దిగితే సుమారు 98 హెర్ట్జ్. పాట అంతకంటే దిగకపోతే 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా గొంతుకు సంబంధించనిదే. అయిదున్నర శ్రుతిలో పాడే స్త్రీ ఆధారషడ్జం సుమారు 208, మంద్రపంచమం సుమారు 156 హెర్ట్జ్. ఇక్కడ హద్దును 120 హెర్ట్జ్ ప్రాంతానికి జరపవచ్చు. అందరికీ ఒకే అంకెను వర్తింపజేయడం కంటే పాట శ్రుతిని బట్టి లెక్కించడం సమంజసం.

8.2 చోటు పంచడం

200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య గొంతు నిండుదనం, గిటారు, కీబోర్డు ఎడమచేతి స్వరాలు, తంబుర అన్నీ గుమిగూడతాయి. మసక ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పాటకు ప్రాణమైనది గొంతు కాబట్టి ముందు తక్కిన వాద్యాలను ఈ ప్రాంతంలో 2, 3 డెసిబెల్స్ తగ్గించి చూడాలి. ఈ నిర్ణయం అన్ని ట్రాకులూ కలిసి మోగుతున్నప్పుడే తీసుకోవాలి. మరుగు అనేది రెండు ధ్వనుల మధ్య సంబంధం. ఒక ట్రాకును విడిగా వింటే అది కనిపించదు.

ఎక్కువ పౌనఃపున్యాల్లో మరో పోటీ ఉంది. తెలుగులో ‘కల’, ‘కళ’ అనే మాటలు ఒక్క హల్లుతోనే భిన్నమవుతాయి. నాలుకను వెనక్కి మడిచి పలికే మూర్ధన్యాల్లో మూడో అనునాద శిఖరం కిందికి దిగుతుందన్నది ధ్వనిశాస్త్రంలో స్థిరపడిన విషయం. ‘ల–ళ’, ‘న–ణ’ భేదాన్ని మోసే ఈ సూచన స్థూలంగా 2,000–3,000 హెర్ట్జ్ ప్రాంతానికి చెందుతుంది. ఆ ప్రాంతంలోనే గిటారు మీటు, కీబోర్డు మెరుపు కూడా ఉంటాయి. ‘శరం’, ‘సరం’ మాటల్లోని ఊష్మాల భేదం ఇంకా పైన ఉంటుంది. సకారంలోని ఊపిరి శక్తి శకారం కంటే పై పౌనఃపున్యాల్లో కేంద్రీకృతమవుతుంది. సకారం చెవికి గుచ్చుకుంటోందని 5,000 హెర్ట్జ్‌కు పైభాగాన్నంతా గట్టిగా తగ్గిస్తే, గుచ్చుకోవడంతోపాటు శ, స భేదమూ పలచబడుతుంది. భాషను ఎరిగినవారు మాత్రమే గుర్తించగల నష్టం ఇది. కాబట్టి తెలుగు పాట మిశ్రణం కేవలం సాంకేతిక విషయం కాదు, ఉచ్చారణకు సంబంధించిన విషయం కూడా.

8.3 వన్నె

మూడో పనికి వాద్యస్వభావం తెలియాలి. ఈ విషయంలో సి.వి. రామన్ పరిశోధనలు నేటికీ మార్గదర్శకాలు. విశాఖపట్నంలో బాల్యవిద్య పొందిన రామన్, మన మృదంగ, తబలాలు పాశ్చాత్య డోళ్లకు భిన్నంగా శ్రుతిబద్ధమైన అతిస్వరాలను పలుకుతాయని 1920లో వెల్లడించాడు. మూతపై అతికించిన నల్లని పూతే అందుకు కారణం. ఆ మరుసటి సంవత్సరం ప్రచురించిన మరో పరిశోధనలో తంబుర, వీణల బ్రిడ్జిల ప్రత్యేకతను వివరించాడు. తంబురలో తీగ కింద దూర్చే జీవాదారం వల్ల అతిస్వరాలు గుప్పుమంటాయి.

దీని ఫలితం మిశ్రణంలో స్పష్టం. తంబురలో కింది భాగాన్ని గణనీయంగా తగ్గించినా శ్రుతిభావన పోదు, ఎందుకంటే అతిస్వరాలే ఆ భావనను నిలుపుతాయి. పైభాగాన్ని తగ్గిస్తే మాత్రం జీవం పోతుంది. మృదంగంలో కుడివైపు నాదాన్ని ఇరుకైన వక్రరేఖతో తగ్గిస్తే దాని శ్రుతిసంబంధమే చెడుతుంది. పాశ్చాత్య డ్రమ్ముల కోసం తయారైన సిద్ధసూత్రాలను మృదంగానికి యథాతథంగా వాడకూడదనడానికి కారణం ఇదే. అలాగే, ఇరుకైన పెంపుతో అటూ ఇటూ జరుపుతూ ‘చెడ్డ పౌనఃపున్యం’ కోసం వెతికే పద్ధతిలోనూ ఒక ప్రమాదం ఉంది. అంతగా పెంచితే ఏ ప్రాంతమైనా చెడ్డగానే వినిపిస్తుంది. ముందు చెవికి లోపం తట్టాలి, వెతుకులాట ఆ తరువాతే.

9. ఈక్వలైజేషన్ హద్దులు

ఇంటి గది కూడా ఒక వాద్యం వంటిదే. ఎదురెదురు గోడల మధ్య స్థిరతరంగాలు ఏర్పడతాయి. 11 అడుగుల పొడవు గదిలో మొదటిది సుమారు 51 హెర్ట్జ్ వద్ద, 10 అడుగుల వెడల్పుకు సుమారు 56 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. పైకప్పు ఎత్తు కూడా 10 అడుగులే అయితే అవన్నీ ఒకచోటనే చేరి ఆ మంద్రాన్ని ఉబ్బిస్తాయి. అదే గదిలో మరొక చోట కూర్చుంటే ఆ స్వరమే మాయమవుతుంది. మాయమైనచోట కూర్చుని మీటను పెంచితే పాటలో మంద్రం పెరుగుతుంది గాని, గదిలోని ఆ లోటు తీరదు. ఆ పాటను మరొకచోట విన్నప్పుడు ఆ అదనం బయటపడుతుంది. గది ప్రతిధ్వని గొంతులో కలిసి ముద్రితమైతే దానిని కూడా ఈక్వలైజర్ విడదీయలేదు.

కాబట్టి కొమ్ము కాలపు క్రమశిక్షణకు ఇక్కడ మళ్లీ విలువ ఉంది. మైకు నుంచి ఎంత దూరం, ఏ గోడకు ముఖం, వెనక ఏ పరుపు లేక దుప్పటి అనే నిర్ణయాలు ముందే సరిగా ఉంటే, తరువాత దిద్దవలసినది తక్కువ. పాట కూర్పులోనే రెండు వాద్యాలు ఒకే స్థాయిలో ఒకే స్వరాలను వాయించకుండా చూసుకోవడం అంతకంటే ముందు మెట్టు. మరొక జాగ్రత్త కూడా అవసరం. పెద్దల నోటి పాటలను ఇళ్లలో ముద్రించి శుభ్రపరిచేవారు, మార్పు చేయని మూలప్రతిని విధిగా భద్రపరచాలి. తగ్గించి నిలువచేసిన భాగాన్ని ఆ తరువాత పూర్తిగా రాబట్టలేం. నేడు గరగరగా తోచినదానిలో రేపటి పరిశోధకునికి కావలసిన ఉచ్చారణ ఉండవచ్చు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. ఈక్వలైజేషన్ మొదట టెలిఫోన్ తీగలో కొలిచిన నష్టాన్ని దిద్దే ప్రక్రియ. ‘సమం’ అనే పేరు ఆ దశకు చెందినది.

2. గ్రామఫోను దశలో అది జంట ప్రక్రియ అయింది. ముద్రణలో చేసిన మార్పును శ్రవణంలో సరిచేయడం దాని లక్షణం. 1950ల్లో ఇళ్లకు చేరి వన్నెగా, బహుళ ట్రాకుల దశలో చోటు పంచే సాధనంగా మారింది.

3. ‘ముందు తగ్గించు’ అనే సూత్రం పాత వలయాల స్వభావం నుంచి వచ్చి ఉండవచ్చు. నేడు అది నిలబడుతున్నది మాత్రం చెవి స్వభావం మీద. మరుగు పైకి వ్యాపిస్తుంది, బిగ్గరతనం మెరుగుగా తోస్తుంది అనే రెండు ధర్మాలే దానికి ఆధారం.

4. తెలుగు పాటలో హల్లుల భేదాలు వాద్యాలు పోటీపడే ప్రాంతాల్లోనే ఉన్నాయి. శ్రుతిని బట్టి హద్దులు నిర్ణయించడం, ఉచ్చారణను గీటురాయిగా పెట్టుకోవడం మన సంగీతానికి తగిన పద్ధతి.

5. గది, మైకు, కూర్పు సరిగా లేనప్పుడు ఈక్వలైజర్ పరిహారం కాలేదు.

జోబెల్ కాలపు ఇంజనీరు మీట తిప్పే ముందు ఒక ప్రశ్నకు జవాబు కనుక్కునేవాడు: ఇక్కడ ఏది పోయింది, ఎంత పోయింది? ఇంటి స్టూడియోలో పనిచేసేవారు దానికి ఇంకొక ప్రశ్నను చేర్చుకుంటే చాలు: ఇక్కడ ఏది దేనిని కప్పుతోంది? ఈ రెండింటికీ జవాబు దొరకనప్పుడు మీటను తాకకపోవడమే మంచిది. తెలుగు గేయసాహిత్యం ఇప్పుడు పుస్తకంలో కంటే హెడ్‌ఫోన్లలోనే ఎక్కువమందిని చేరుతున్నది. కవి ఏరి కూర్చిన హల్లు శ్రోత చెవిదాకా చేరుతున్నదా లేదా అన్నది సాహిత్య అధ్యయనానికీ సంబంధించిన ప్రశ్నే. ధ్వనిశాస్త్రం, భాషాశాస్త్రం, సంగీతశాస్త్రం కలిసి తెలుగు ధ్వనిముద్రణలపై చేయవలసిన పరిశోధనకు ఇక్కడ విస్తృతమైన అవకాశం ఉంది.